సున్నపు తాడుకు అవతల

అమ్మ కారు దిగి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మోకాళ్ళు పట్టేశాయేమో అనుకుని చెయ్యి అందించాను. నా చెయ్యి పట్టుకుంది కానీ కదల్లేదు. కాస్త దూరంలో అబూ సాలెం అనే ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక సన్నటి ఇనప చువ్వను నేలలోకి ఏటవాలుగా దించుతున్నాడు. దించి, ఆగి, చేతికి ఏం తగిలిందో చూసుకుని, మెల్లగా పైకి లేపుతున్నాడు. అమ్మ చూపు ఆ చువ్వ మీదే ఉంది. "నేను రాలేనమ్మా, నువ్ పొయ్యిరా" అంది. ఎందుకని నేను అడగలేదు. నాకూ తెలుసు.

సౌదీలో మేముండే హఫర్ అల్ బాతిన్‌లో చలికాలం వానలు పడ్డాక ఊళ్ళో జనమంతా ఎడారి మీద పడతారు. ఇసుక నేల కింద ఫగా అని ఒకటి పుడుతుంది. మన పుట్టగొడుగుకు దగ్గర చుట్టమే, కానీ తల బయట పెట్టదు, బంగాళాదుంపలాగా నేల కిందే ఉండిపోతుంది. పైన చిన్న నెర్రె కనిపిస్తే దాని పక్కనుంచి చువ్వ దించి, దుంప పగలకుండా ఎత్తాలి. అబూ సాలెం అందులో ఆరితేరినవాడు. కువైట్ యుద్ధంలో మామూలు సిపాయిగా ఈ చుట్టుపక్కలే ఉన్నాడట. ఉద్యోగం అయిపోయాక ఊరవతల గొర్రెలూ, పశువుల గడ్డీ, కొన్ని ఖర్జూరం చెట్లూ పెట్టుకుని రైతయ్యాడు. ఆయన భార్య తుంటి విరిగి మా వార్డులో ఉన్నన్నాళ్ళూ నర్సుగా నేనే చూసుకున్నాను. అప్పట్నుంచి ఏటా వాన పడగానే ఫోన్ వస్తుంది, "యా సిస్టర్, తఆలి" అని, వచ్చి ఫగా ఏరుకుపొమ్మని. ఈసారి అమ్మను కూడా తీసుకురమ్మన్నాడు.

నాన్న పోయి ఏడాది దాటింది. అమ్మ చీరాలలో మా చెల్లెలి దగ్గర ఉంటోంది. నేను రిటైరై ఇక్కణ్ణుంచి శాశ్వతంగా వచ్చేసేలోపు ఒకసారి నా బతుకు ఎలా ఉందో చూడాలని విజిట్ వీసా మీద వచ్చింది. వచ్చిన రోజునే నా అబాయా వేసి చూపిస్తే, "ఈ నల్ల గౌను నాకెందుకే, ఎండలో ఉడికి చావడానికా" అని తిట్టింది. తర్వాత అది తీయడమే మానేసింది, జేబులున్నాయని. నా గదిలో తలుపేసుకుని ఆదివారం మేమిద్దరమే ప్రార్థన చేసుకుంటుంటే, పాట గట్టిగా ఎత్తుకోబోయి నా మొహం చూసి, బయటికి వినపడకూడదని గుర్తొచ్చి గొంతు తగ్గించుకునేది. నాన్న గురించి మాత్రం మాట్లాడుకోలేదు. ఆయన పోయినప్పుడు నేను వెళ్ళాను, అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి, తిరిగొచ్చి డ్యూటీలో చేరాను. ఏడవలేదు. ఆస్పత్రిలో ఇన్నేళ్ళు చేసినందువల్ల అలా మొద్దుబారిపోయానని చెల్లెలు అంటుంది. అది పుట్టకముందే మొద్దుబారిపోయానని దానికి తెలియదు.

అమ్మ ఆగిపోవడం చూసి అబూ సాలెం లేచి వచ్చాడు. "మీ అమ్మకు భయమా? పాములు లేవు, చలికాలం" అన్నాడు అరబ్బీలో. నాకున్న అరబ్బీ ఆస్పత్రి అరబ్బీ. నొప్పి ఎక్కడ, నిద్ర పట్టిందా, మందు వేసుకున్నావా, అంతవరకే. మందుపాతరను ఏమంటారో తెలియక, "మా నాన్న కూడా సిపాయి. నేల కింద బాంబులు వెతికే పని" అని చువ్వ వైపు చూపించాను. ఆయనకు వెంటనే అర్థమైంది. అమ్మను ఒకసారి చూశాడు. యుద్ధం తర్వాత ఈ నేలంతా మనుషులు గాలించారనీ, తన గొర్రెలు ఏళ్ళ తరబడి ఇక్కడే తిరుగుతున్నాయనీ, మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదనీ చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ తల ఊపింది కానీ కాలు ఎత్తలేదు. ఆయన చువ్వను తీసుకెళ్ళి బండి వెనకాల కనపడకుండా పెట్టేసి, కారు పక్కనే చాప పరిచాడు. ఆ పూట ఫగా ఏరడం మానేసి అందరం అక్కడే కూర్చుని చాయ్ తాగాం.

చాయ్ తాగుతూ నేను మా చేను సంగతి ఆలోచించుకుంటూ కూర్చున్నాను. బాధేమీ వేయలేదు. రోజూ కట్టు మార్చే పుండులాగా అది నాకు అలవాటైపోయిన జ్ఞాపకం.

నాన్న బంగ్లాదేశ్ యుద్ధానికి వెళ్ళి వచ్చిన మనిషి. తుపాకీ పట్టి ముందుకు ఉరికే పని కాదు ఆయనది. ఉరికేవాళ్ళ కంటే ముందు నేల మీద పాక్కుంటూ పోయి, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు వెతికి, దారి చేసిపెట్టే పని. పెన్షన్ పుచ్చుకుని ఇంటికొచ్చేనాటికి నాకు ఊహ తెలుస్తోంది. నాకు గుర్తున్న నాన్న తెల్లారకముందే లేచి దుప్పటిని నలుచదరంగా మడిచేవాడు. మునగచెట్టుకు అద్దం కట్టుకుని గడ్డం గీసుకునేవాడు. ఆ సబ్బు నురగ వాసనా, అమ్మ పొయ్యి ముట్టించడానికి పోసిన కిరసనాయిలు వాసనా కలిసి వస్తే తెల్లారిందని నాకు లెక్క. టీ ఎప్పుడూ ఒక సొట్టపోయిన సత్తు మగ్గులోనే. చెప్పులు గుమ్మం పక్కన బయటికి తిరిగి ఉండాలి. లాంతరు చిమ్నీ బూడిదతో తోమాల్సింది ఆయనే, అమ్మ తోమితే నచ్చేది కాదు. "ఇది కాపరమా, మిలిటరీ క్యాంపా" అని అమ్మ గొణుక్కునేది. కానీ ఆయన వినేలా అనేది కాదు. ఆయనకు ఎదురు చెప్పాలంటే భయం వల్ల కాదు. చెప్పినా ఆయన ఎక్కడో ఉండి వినేవాడు, ఆ దూరం అమ్మకు నచ్చేది కాదు.

ఆ ఇంట్లో నాకున్న గట్టి నియమం ఒక్కటే. నేల మీద పడిన వస్తువు తియ్యకూడదు. మా పాలెంలో పిల్లలందరూ రాలిన చింతకాయలకు ఎగబడుతుంటే నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేదాన్ని. ఒకసారి చర్చి ముందు ఎవరిదో రేకు డబ్బా దొర్లుకుంటూ వస్తే సరదాగా కాలితో తన్నాను. నాన్న అంత దూరం నుంచి వచ్చి నన్ను ఎత్తుకుని గోడవతలికి పరుగెత్తాడు. ఆయన గుండె నా వీపుకు కొట్టుకోవడం తెలిసింది. డబ్బా అక్కడే ఉంది. ఎవరో నవ్వారు. ఇప్పటికీ వార్డులో పెన్ను కిందపడితే నేను ముందు చూస్తాను, తర్వాత వంగుతాను. కొత్తగా వచ్చిన నర్సులకు ఇదొక తమాషా.

మాజీ సైనికుల కింద నాన్నకు ఊరవతల బంజరు భూమి ఇచ్చారు. మా పాలెంలో అప్పటిదాకా సొంత చేను ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. తాతలూ ముత్తాతలూ ఒకరి చేలల్లో వంగినవాళ్ళే. చిల్లచెట్లూ, పల్లేరుకాయలూ తప్ప ఏమీ లేని ఆ గరపనేలకే అమ్మ, చూడొచ్చిన చుట్టాలందరికీ వేలు చాపి హద్దులు చూపించేది. ఒకటే షరతు. మూడేళ్ళలోపల దున్ని సాగులోకి తేవాలి, లేకపోతే సర్కారు వెనక్కి తీసుకుంటుంది. కరణం ఆ మాట కాగితం ఇచ్చేటప్పుడే చెప్పాడు. మూడేళ్ళు ఎందుకండీ, మూడు నెలలు చాలు అని అమ్మ నవ్విందట.

నాన్న చిల్లచెట్లు కొట్టించాడు. తర్వాత నాగలి కట్టలేదు. ఇనప చువ్వా, సున్నంలో ముంచి ఆరబెట్టిన తాడూ తీసుకుని చేలోకి దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, జానెడు జానెడు నేల చువ్వతో పొడుస్తూ, ఏటవాలుగా దించుతూ, చూసినంత మేరా రెండు పక్కలా తెల్లటి తాడు పరిచేవాడు. అమ్మ అన్నం తీసుకెళ్తే ఆ రెండు తాళ్ళ మధ్యనే నడిచి వెళ్ళాలి, నడిచి రావాలి. నేను పక్కకు జరిగితే కేక వేసేవాడు. చూసినది అంతవరకే వదిలి, మర్నాడు ముందుకు పోతే ఎప్పటికైనా అయ్యేది. కానీ ఆయన మర్నాడు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. నిన్న చూసిన నేల మీద ఆయనకు నమ్మకం ఉండేది కాదు. అలా తొలకరి ఒకటి పోయింది, రెండోది కూడా పోయింది. చుట్టూ చేలల్లో వేరుశనగ పచ్చగా అల్లుకుంటే, మా చేలో తెల్ల తాడు ఒక్కటే కనపడేది. ఊళ్ళో వాళ్ళు ఆయనకు చువ్వ మిలిటరీ అని పేరు పెట్టారు.

ఎడ్లున్నది మా బాబాయికి. నాన్నకు తమ్ముడు, నోటి దురుసు మనిషి, మనసు మంచిది. "అన్నా, ఇది బోర్డరు కాదు, మన ఊరు. ఈడ బాంబులెవరు పెడతారు? కరణం పెడతాడా?" అనేవాడు.

"పెట్టేవోడు చెప్పి పెడతాడంట్రా?" అనేవాడు నాన్న. నెమ్మదిగా అని, మళ్ళీ చువ్వ దించుకునేవాడు.

ఎందుకలా అయ్యాడో నాకు చాలా ఏళ్ళ తర్వాత, నేను నర్సు ట్రైనింగులో ఉండగా అమ్మ చెప్పింది. ఒకచోట నాన్నే దారి చూసి, అంతా బాగుంది, రండి అన్నాడట. ఆయనతో ఒకే పళ్ళెంలో తినే మనిషి ఆ దారిన నడిచాడు. నాన్న చూసిన చోటే, నాన్న పరిచిన తాళ్ళ మధ్యనే. అంతకంటే అమ్మకూ తెలియదు. అన్నం తింటూ తింటూ ముద్ద చేత్తో పట్టుకుని, "నేను చూసిందే, నా చేత్తో చూసిందే" అనేవాడట. ముద్ద చల్లారిపోయేది. అమ్మ తీసి కోడికి వేసేది.

మూడో ఏడు తొలకరి బాగా పడింది. ఆ ఏడు దున్నకపోతే చేను పోతుంది. ఇక ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు, అందరికీ తెలిసిందే. బాబాయి ఎడ్లను తోలుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. నాన్న చువ్వ పట్టుకుని తాళ్ళ మధ్య ఉన్నాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని అన్నం తెచ్చింది.

"వదినా, పదును ఇయాళా రేపూ ఉంటది, ఆ పైన ఎండిపోద్ది. నన్నేం చెయ్యమంటావు? తోలుకుని పొమ్మంటావా?" అన్నాడు బాబాయి.

"ఇంకా చూళ్ళేదురా. ఆ మూల అసలు చూళ్ళేదు" అన్నాడు నాన్న.

"రెండేళ్ళ నుంచీ చూత్తానే ఉన్నావు గదయ్యా" అంది అమ్మ.

"మళ్ళీ చూడాల."

అమ్మ అన్నం గిన్నె గట్టు మీద పెట్టింది. కుచ్చెళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది. చెప్పులు విడిచింది. నా చెయ్యి పట్టుకుని, తెల్ల తాడు దాటి అవతల కాలు పెట్టింది. నన్నూ దాటించింది. "కరుణమ్మా, వద్దు" అన్నాడు నాన్న. కేక వేయలేదు. బతిమాలినట్టు కూడా లేదు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన అమ్మను పేరు పెట్టి పిలవడం నేను వినలేదు.

మేం నడిచాం. తడి నేల, అరికాలికి చల్లగా తగిలింది. అమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందని నాకు తెలుసు. పల్లేరుకాయ గుచ్చుకుని ఆగబోతే లాగేసింది. ఏడుద్దామని వెనక్కి తిరిగి చూశాను. నాన్న నేల మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ తల మీద కప్పుకుని ఉన్నాడు. నాతో ఆట ఆడుతున్నాడనుకున్నాను. ఆయన నాతో ఎప్పుడూ ఆడలేదు కాబట్టి చాలా సంతోషం వేసింది, గట్టిగా నవ్వాను. అమ్మ నా చెయ్యి ఇంకా బిగించి పట్టుకుంది. చేను కొసన తుమ్మచెట్టు దాకా వెళ్ళి, కొంచెం పక్కకు జరిగి వెనక్కి నడిపించింది. మళ్ళీ జరిగి ముందుకు. బాబాయి కాసేపు నోరు తెరుచుకుని చూసి, ఎడ్లను చేలోకి దింపి మా అడుగుల వెంబడే సాలు తోలాడు. ముందు మేమూ వెనక నాగలీ. నా కాళ్ళు నొప్పెడితే అమ్మ నన్ను చంకనెత్తుకుంది కానీ దించి గట్టు మీద కూర్చోపెట్టలేదు. పొద్దు వాలేసరికి చేనంతా దుక్కి అయింది. నాన్న అప్పటికి లేచి కూర్చుని ఉన్నాడు. ముక్కుకూ నుదుటికీ ఎర్రమన్ను. అమ్మ ఆయన ముందు అన్నం గిన్నె పెడితే తిన్నాడు.

అలా నాన్న రైతయ్యాడు. మర్నాడు వేరుశనగ విత్తనం తనే గొర్రులో పోశాడు. తర్వాతి ఏళ్ళలో ఎడ్లు కొని నాగలి తనే పట్టాడు. ఆయన సాలు వంకర పోయేది కాదు. కాయ ఒలిచి మంగలంలో వేయిస్తే ఆ వాసనకు పక్కిళ్ళ పిల్లలు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. కానీ ఏటా తొలకరి దుక్కికి అమ్మ ఎడ్ల ముందు నడవాల్సిందే. అమ్మ నడిచేదాకా ఆయన నాగలి దించేవాడు కాదు. ఆమె మడమల మీద చూపు పెట్టి దున్నేవాడు. పొరుగూరి వాళ్ళు అదేదో మొక్కు అనుకునేవాళ్ళు. చెల్లెలు పుట్టి, పాకే వయసులో ఉండగా కూడా అమ్మ అలాగే నడిచింది. ఆ సంగతి మీద ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనుకోలేదు. చువ్వ వసారా కప్పులోకి ఎక్కింది, కొన్నాళ్ళకు దాన్ని కోళ్ళ గూటికి గడియగా వాడారు.

ఇప్పుడు ఆ చేలో జామాయిల్ తోట. దున్నేదీ లేదు, విత్తేదీ లేదు, కౌలు మనిషి నరికించుకుపోతాడు, మొద్దుల నుంచి మళ్ళీ మొలుస్తుంది. నడవాల్సిన అవసరం ఎవరికీ లేదు. నేను మాత్రం ఆ రోజు నడిచిన నడక మీదే ఈ దేశం దాకా వచ్చాననుకునేదాన్ని. ఇక్కడి హాస్టల్లో చేరిన కొత్తలో ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు చేతికి రాక, భాష రాక, బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ప్రతిసారీ అదే తలుచుకున్నాను. తర్వాత కాకినాడ నుంచో, ఒంగోలు నుంచో వచ్చి ఏడుస్తూ కూర్చున్న నర్సు పిల్లలకు కూడా అదే చెప్పేదాన్ని. మా నాన్న నేలలో బాంబులున్నాయన్నాడు, మా అమ్మ లేవని తెలిసిన మనిషి, అందుకే కన్నబిడ్డను చెయ్యి పట్టుకుని నడిపించింది, అంత నమ్మకం ఉండాలి అని. పిల్లలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నా మాట నాకూ బాగుండేది.

అబూ సాలెం మేం వచ్చేటప్పుడు తను ముందే ఏరిపెట్టిన ఫగా ఒక సంచీ నిండా ఇచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మ వంటగదిలో స్టూలు వేసుకుని, గిన్నెలో నీళ్ళు పోసి ఒక్కొక్క దుంపా ఇసుక పోయేలా కడుగుతోంది. బయట ఇంకా వెలుతురుంది. పొద్దుటి భయం ఆమె మొహంలో లేదు. నేను ఎందుకడిగానో తెలియదు. ఆమె ఎడారిలో ఆగిపోవడం నా కథకు సరిపడలేదు, అందుకే కావచ్చు.

"అమ్మా, ఆ రోజు నీకు తెలుసు గదా, మన చేలో ఏవీ లేవని?"

అమ్మ చేతులు ఆగలేదు. "నాకెట్టా తెలుసుద్దే? మీ నాన్న అబద్ధం చెప్పే మనిషా? ఉండాయన్నాడు. రెండేళ్ళు పొద్దస్తమానం అదే మాట వింటే నాకూ ఉండాయనే అనిపించింది."

"మరి ఎందుకు నడిచావు?"

"చేను పోద్ది గదా. పోతే ఇంక ఎట్టా బతుకుతాం?"

ఆమె ఇంకో దుంప తీసుకుని బొటనవేలితో రుద్దింది. అడక్కుండా ఉంటే బాగుండేది, కానీ నోరు అప్పటికే తెరుచుకుంది. "మరి నన్నెందుకు తీసుకెళ్ళావమ్మా? బాబాయి దగ్గర గట్టు మీద వదిలెయ్యొచ్చు గదా."

అమ్మ తలెత్తి నా వంక చూసింది. ఇంత చదువుకుని ఈమాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "నేనొక్కదాన్నే పోతే నువ్వు మిగిలిపోతావు గదే. ఆ మనిషి తనకు తనే దిక్కు లేకండా ఉండె. ఆడపిల్లవి, నిన్నెవరు సాకుతారు? ఇద్దరం పోతే ఒక బాధ ఉండదనుకున్నా."

ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. కోపం వస్తుందేమోనని కూడా చూశాను. ఇకమీదట హాస్టల్ పిల్లలకు ఏం చెప్పాలా అనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

"ఆ కత్తి ఇటియ్యి, పొట్టు తియ్యాల" అంది అమ్మ. ఇచ్చాను. ఉల్లిపాయలు కోసింది, ఎసట్లో బియ్యం పోయమంది, పోశాను. కూర రుచి నాకు తెలియలేదు. ఉప్పు సరిపోయిందని అమ్మే చెప్పి, నా పళ్ళెంలో ఇంకొంచెం వేసింది.